తాడు నడిమి భాగం

సవాయీ దీవి, ఉత్తర తీరం
11 ఫిబ్రవరి 2013

తమ్ముడు ఆలెసానాకు,

నువ్వూ, మరదలు ఫువాతినో, అమ్మాయీ ఆక్లండ్‌లో కుశలమని తలుస్తాను. నువ్వు పంపిన డబ్బా మాంసం, రెండు దుప్పట్లు ఓడ దిగి చేరాయి. మాంసం పాస్టరుగారింటికి పంపాను. దుప్పట్లు ఎందుకు పంపావో మాత్రం బోధపడలేదు. మా దీవి భూమధ్యరేఖను వదిలి దక్షిణానికి కొట్టుకుపోయిందని అక్కడ ఎవరైనా చెప్పారా?

ఫోను చేస్తే రెండు మాటలతో పెట్టేస్తున్నానని నీ ఫిర్యాదు. గోడలు లేని ఇళ్ళ మధ్య బతికేవాళ్ళకు ఫోనులో మాట్లాడటమంటే ఊరికి చాటింపు వేయడమే. నేను ఇక్కడ దగ్గితే నాలుగో ఇంట్లో మందు నూరుతారు. అందుకే ఉత్తరం.

ఇక విషయం. క్రిస్మస్‌కు ముందు నుంచి నా ఒంట్లో సరిగా లేదు. తిన్న కొంతసేపటికి బొడ్డు చుట్టూ ఎవరో లోపల పిడికిలి బిగించినట్టు నొప్పి వస్తుంది. బిగిస్తుంది, మెలిపెడుతుంది, వదిలేస్తుంది. వదిలాక, అసలు వచ్చిందా అని నాకే అనుమానం కలిగేటంత శుభ్రంగా పోతుంది. బకెట్ నీళ్ళు మోస్తే ఆయాసం. నా ముఖం పాలిపోయిందని చర్చిలో పాటలు పాడే ఆడవాళ్ళు పాటల మధ్య ఖాళీల్లో చెప్పుకుంటున్నారు.

లూపే వచ్చి కొబ్బరినూనెతో పొట్ట తోమింది. ఊరి ఆడవాళ్ళ పొట్టలన్నీ ఆమె చేతి కిందివే కదా, వాళ్ళమ్మ కాలం నుంచీ. బొడ్డుకు ఎడమపక్కన ఒకచోట వేళ్ళు ఆపి, "ఇదుగో, దొరికావా దొంగా!" అంది. నాతో కాదు, నా తోఆలాతో. బొడ్డు కింద కుదురుగా కొలువుండవలసిన జీవం అలిగి పక్కకు నడిచిందట. "ఏం టీచరమ్మా, నీకన్నా నీ తోఆలా మొండిదే! ఒక్కదానివే ఉంటావు, వేళకు తినవు, పోట్లాడటానికైనా ఇంట్లో మనిషి లేదు. అది మటుకు ఎంతకాలమని ఒకచోట కూర్చుంటుంది?" అని నన్ను తిట్టి, దాన్ని బుజ్జగించి, నెట్టి నెట్టి ఇంటికి పంపింది. ఆ గడ్డ నిజంగానే ఆమె వేళ్ళ కింద మాయమైంది. నేను వెల్లింగ్టన్‌లో సైన్సు చదివినదాన్ని. అయినా నా చేత్తో నేను తడిమి చూసుకున్నాను. లేదు.

మన దీవి ఆసుపత్రిలో డాక్టరు సియాకీ నా పాత శిష్యుడే. పొట్ట మీద చెయ్యి వేయడానికి జంకాడు. "టీచర్, మిమ్మల్ని చూస్తే నాకిప్పటికీ హోమ్‌వర్కు చెయ్యలేదన్నట్టే ఉంటుంది" అని నవ్వి, రక్తం పరీక్ష చేయించి, ఇనుము తక్కువైందని మాత్రలు ఇచ్చాడు. మింగుతున్నాను.

ఈ సంగతిలో ఇంకొక భాగం ఉంది. అది నీకు రాయను. బొడ్డు దాకా రాయగలను. దాని కింద మన అక్కాతమ్ముళ్ళ ఒడంబడిక మొదలవుతుంది. కిందటేడు నేను ఆక్లండ్ వచ్చినప్పుడు టీవీలో పేగుల పరీక్ష గురించి ప్రకటన రాగానే, నువ్వు రిమోట్ వెతికి, దొరక్క, లేచి వంటింట్లోకి పరుగెత్తావు. నేను కిటికీలోంచి పక్కింటివాళ్ళ గులాబీలను శ్రద్ధగా చూశాను. అక్క ఎదుట తమ్ముడు, తమ్ముడి ఎదుట అక్క అలాగే ఉండాలి. నిన్ను మనసులో మెచ్చుకున్నాను కూడా.

అక్క
మోయెలాంగి


ఆక్లండ్
10 మార్చి 2013

నా కంటిపాప అయిన అక్కయ్యకు,

మీ ఉత్తరం చేరింది. ఫువాతినో చదివి, "వదినగారి ఉత్తరం పట్టుకుంటే చేతులు కట్టుకుని నిలబడాలనిపిస్తుంది" అంది. దుప్పట్లు సగం ధరకు వచ్చాయని కొన్నాం అక్కయ్యా, నిజం చెప్పేస్తున్నా. ఇక్కడ మా ఇంట్లో ఇంక పెట్టే చోటు లేదు.

మీరు ఇక్కడికి వచ్చెయ్యండి అని రాద్దామనుకున్నా. రారు. రాసి లాభం లేదు. అయినా రాశాను చూడండి.

మీ నొప్పి గురించి చదువుతుంటే అమ్మ గుర్తొచ్చింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. నన్ను పెదనాన్న ఇంట్లో పడుకోబెట్టేవారు. అమ్మ చిక్కిపోవడం, తెల్లబడిపోవడం దూరం నుంచే చూశాను. ఏమైందని అడిగితే, సముద్రం ఒడ్డున దయ్యం కొట్టింది అన్నాడు నాన్న. అంతకుమించి నాకు ఈనాటికీ తెలీదు. సాయంత్రం ప్రార్థనవేళ ఇంటి ముందు అమ్మ గోరీ మీద ఒక్కరే కూర్చోకండి. ఒంటరిగా ఉన్నవాళ్ళంటే పోయినవాళ్ళకు మహా ఇష్టం.

ఇప్పుడు మంచి కబురు. పెదనాన్న పోయాక ఖాళీగా ఉన్న మన కుటుంబ పెద్ద బిరుదు నాకు ఇవ్వాలని అందరూ ఒప్పుకున్నారు. ఆగస్టులో వేడుక. మాంసం ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు గొర్రెలు కోసినవాడు ఊరి సభలో పెద్దల వరసన స్తంభానికి ఆనుకుని కూర్చోబోతున్నాడు! కానీ అక్క నోటి నుంచి సరే అనే మాట రాకపోతే ఎవరు ఒప్పుకున్నా ఒప్పుకున్నట్టు కాదు. మీ మాట కోసం చూస్తున్నాను.

నా గురించి బెంగ వద్దు. గుండ్రాయిలా ఉన్నాను. బెల్టుకు కొత్త బెజ్జం పొడిచాం, అదీ లోపలివైపు. నాలాంటి చర్చి పెద్ద సన్నబడకూడదని బైబిల్లో ఎక్కడా లేదుగా?

మీ తమ్ముడు
ఆలెసానా


సవాయీ
13 మే 2013

ఆలెసానాకు,

జవాబు ఆలస్యమైంది. పడవ ఎక్కి అవతలి దీవి పెద్దాసుపత్రికి వెళ్ళి వచ్చాను. ఎవరినీ తోడు తీసుకుపోలేదు. లూపే రేవు దాకా వచ్చి, "నీ తోఆలాను సముద్రం దాటిస్తే దారి మరిచిపోతుంది, నా మాట విను" అని ఏడ్చింది.

పైనుంచి ఒక గొట్టం పంపి జీర్ణాశయం చూశారు. రెండో గొట్టం ఎటునుంచి పంపారో రాయను. ఊహించు, ఊహించాక మరిచిపో. స్కాన్ కూడా తీశారు. మర్నాడు డాక్టరు నవ్వుతూ వచ్చి, "అన్నీ శుభ్రంగా ఉన్నాయి టీచర్‌గారూ, శుభవార్త!" అన్నాడు.

"మధ్యలో?" అన్నాను.

"మధ్యలో అంటే?"

"మీ రెండు గొట్టాలూ ఎక్కడా కలుసుకోలేదు కదా. వాటి నడుమ ఉన్న చిన్నపేగు సంగతి అడుగుతున్నాను."

"అక్కడ చెడ్డ జబ్బు పుట్టడం చాలా అరుదండీ."

"అరుదైనది లేనిదీ ఒకటేనని నేను పరీక్షలో రాసి ఉంటే నాకు సున్నా వేసేవారు" అన్నాను. ఆయన మర్యాదస్తుడు, నవ్వాడు. మింగితే దారి పొడవునా ఫొటోలు తీసుకుంటూ పోయే బిళ్ళ ఒకటి ఆక్లండ్‌లో ఉందట. ఇప్పటికి దాని అవసరం లేదని ఆయన అన్నాడు. అడుక్కునే అలవాటు లేదని నేను ఊరుకున్నాను. నొప్పికి వయసూ, ఒంటరితనమూ, పేగుల చికాకూ కారణాలుగా రాసి ఇచ్చాడు. ఒంటరితనాన్ని రోగమని రాసిన చీటీని పడవలోంచి నీళ్ళలో వదిలేశాను.

తిరుగు ప్రయాణంలో నా పాత పాఠం జ్ఞాపకం వచ్చింది. చిన్నపేగు ఎంత పొడవో చూపించడానికి పడవ తాడు తెప్పించి, బడి వరండాలో పిల్లలను వరసగా నిలబెట్టి పట్టుకోమనేదాన్ని. మొదటివాడు పొట్ట, చివరివాడు పెద్దపేగు. చివర్లలో ఉన్నవాళ్ళు బడాయిగా నిలబడేవారు. ఈ సియాకీ ఎప్పుడూ మధ్యలో. "టీచర్, నన్నెవరు చూస్తారు? నేను వదిలేసినా తాడు నిలబడే ఉంటుంది" అనేవాడు. అన్నట్టే ఒకనాడు వదిలేసి, వరండా దిగి మామిడికాయ కొరుకుతున్నాడు. పాఠం అయ్యేదాకా నాకు తెలియనే లేదు. తాడు కిందికి జారలేదు. అటూ ఇటూ ఉన్నవాళ్ళు పట్టుకునే ఉన్నారు కదా.

బిరుదు సంగతి. వేడుకను వచ్చే ఏడాదికి మార్చమని నా మాట. కారణం అడగవద్దు.

మోయెలాంగి


ఆక్లండ్
9 జూన్ 2013

అక్కయ్యకు,

కారణం అడగవద్దన్నారు. అడగను. కానీ ఊరి నుంచి కబుర్లు అడక్కుండానే వస్తాయి. ఆదివారం భోజనానికి పెదనాన్న కొడుకులు పిలిస్తే, పళ్ళెం ముందు కూర్చుని, విసనకర్ర విసురుకుని, ఒక్క ముద్ద ముట్టకుండా లేచిపోయారట. వాళ్ళు ఇంటికి పంపిన చేమదుంపలు పందులకు పెట్టించారట. బిరుదు ఇస్తామన్నవాళ్ళ ఇంటి తిండిని అక్క కాదంటే దాని అర్థమేమిటో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. "మీ అక్కకు నువ్వు సరిపోలేదురా" అని పెదనాన్న పెద్దకొడుకు ఫోనులో నవ్వాడు. ఆ నవ్వు ఇంకా చెవిలో ఉంది.

మీరు చదువుకున్నవారు. నేను గొర్రెలు కోసినవాణ్ణి. అదే కారణమైతే సూటిగా చెప్పండి, తట్టుకుంటాను.

ఒక్కటి మాత్రం తట్టుకోలేను. మీ మనసు నా మీద తిరిగినప్పటి నుంచి నాకు తిండి సయించడం లేదు. ఒళ్ళు తేలిపోతోంది. అక్క మనసు నొచ్చుకుంటే తమ్ముడి ఒంటికి తగులుతుందని భయపడే ఊళ్ళో పుట్టినవాళ్ళం మనం. అక్కయ్యా, మీరు నన్ను శపించారా?

ఆలెసానా


సవాయీ
1 జులై 2013

ఆలెసానాకు,

నీ ప్రశ్నకు జవాబు: లేదు. ఇంకెప్పుడూ అది అడగకు.

పళ్ళెం ముందు విసనకర్ర విసురుకున్న మాట నిజం. చేమాకులో కొబ్బరిపాలు పోసి రాళ్ళ పొయ్యిలో కాల్చిన ఆ వంటకం నాకు ప్రాణమని నీకు తెలుసు. వాసన చూశాను. రెండు ముద్దలు తింటే ఆ ఇంట్లోనే, ఆ పిల్లల ముందే, పొట్ట పట్టుకుని వంగిపోవలసి వస్తుందని భయపడ్డాను. మోయెలాంగి టీచరు పదిమంది ముందు వంగిపోవడం ఇంతవరకు ఎవరూ చూడలేదు; చూడనివ్వను. దుంపలు పందులకు పెట్టించడం కూడా నిజమే. కుళ్ళబెట్టి ఈగలకు పెట్టడం కన్నా అది నయం కాదా? వేడుక మార్చమన్నది, ఆనాటికి నేను నిటారుగా కూర్చోగలనో లేనో తెలియక. అంతే. నీ చదువు ప్రసక్తి తెచ్చినందుకు మాత్రం నేను నిన్ను అంత తొందరగా క్షమించను.

ఆగస్టులోనే పెట్టుకో. నేను కూర్చుంటాను. అమ్మ దాచిన సన్నచాప నా చేతులతోనే నీ భుజం మీద వేస్తాను. నీ తిండి సంగతికి మందు అదే. నీ మనసు కుదుటపడితే ఆకలి తనే వస్తుంది.

లూపే వారం వారం వస్తోంది. ఆ గడ్డ ఆమెకు ఒక్కోసారి దొరుకుతుంది, ఒక్కోసారి దొరకదు. "నన్ను చూసి నక్కుతుంది టీచరమ్మా, నీ దగ్గర చదువుకుంది కదా" అంటుంది. సియాకీ చూసినప్పుడు ఎప్పుడూ ఉండదు. అందుచేత అతని కాగితాల్లో అది ఎప్పుడూ లేదు.

నువ్వు గోరీ దగ్గర కూర్చోవద్దని రాశావు. అక్కడ నాకు అమ్మ కనబడదు. మొన్న అద్దం తుడుస్తుంటే నొప్పి వచ్చింది. ఎడమ పిడికిలి బొడ్డు పక్కన గుచ్చి, నడుము కొంచెం కుడివైపు ఒంచి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. తలెత్తి చూస్తే అద్దంలో అమ్మ నిలబడి ఉంది. రొట్టెపండు చెట్టు కింద, నాన్న చూడకుండా, సరిగ్గా అలాగే నిలబడేది. నేను చెయ్యి తీస్తే తనూ తీసింది.

ఆ అద్దానికి గుడ్డ కప్పి ఉంచాను. భయపడి కాదు.

మోయెలాంగి


ఆక్లండ్
1 సెప్టెంబరు 2013

నా కంటిపాప అయిన అక్కయ్యకు,

ఇంటికి చేరాం. వేడుక నిన్ననే జరిగినట్టుంది. మీరు సన్నచాప నా భుజం మీద వేసినప్పుడు మీ చెయ్యి ఎంత తేలిగ్గా ఉందో! పక్షి వాలినట్టు. చూడటానికి భయమేసి తల ఎత్తలేదు. మీరు నన్ను శపించలేదని ఆ చెయ్యి తగిలాకే నమ్మాను. నన్ను క్షమించండి.

మీరు ఆ రోజు ఏమీ తినలేదు. చూశాను. నేనూ తినలేదు, అది మీరు చూసి ఉండరు. కొత్త పెద్దకు నోరు కుట్టేశారా అని వయసు కుర్రాళ్ళు ఎగతాళి చేశారు. సంతోషంతో కడుపు నిండిపోయిందన్నాను.

ఫొటో ఒకటి పంపుతున్నాను. చెట్టు బెరడు బట్ట కట్టుకుని, కుడిచేత్తో కర్ర పట్టుకుని ఉన్నాను. "ఎడం చెయ్యి అక్కడెందుకు? బట్ట ముడి ఊడిపోతుందని భయమా, పెద్దయ్యా?" అని ఫువాతినో ఇప్పటికీ ఏడిపిస్తోంది. నాకు అలా పట్టుకున్నట్టే గుర్తు లేదు.

మీ ఒంట్లో ఎలా ఉంది? దాచకుండా రాయండి.

ఆలెసానా


పెద్దాసుపత్రి
21 అక్టోబరు 2013

ఆలెసానాకు,

ఈ ఉత్తరం ఫువాతినో చిన్నాన్న కూతురి చేత పంపిస్తున్నాను. ఆమె చేతి నుంచి నీ చేతికే అందాలి. ఒంటరిగా కూర్చుని చదువు.

నీ ఫొటో చేరిన మూడో రోజున నేను పడిపోయాను. పొట్ట డప్పులా బిగిసింది, ఆకుపచ్చగా వాంతి. సియాకీ పరుగెత్తుకొచ్చి మొదటిసారి నా పొట్ట మీద చెయ్యి గట్టిగా వేశాడు. గడ్డ ఈసారి నక్కలేదు. అతని ముఖం చూసి, "తాడు వదిలేశావా?" అన్నాను. అతనికి జ్ఞాపకం ఉంది. పడవలో నా పక్కనే నేల మీద కూర్చుని, అవతలి రేవు దాకా నా చెయ్యి వదల్లేదు.

ఇక్కడ కోసి చూశారు. చొక్కా చెయ్యి లోపలికి తిరగబడినట్టు పేగు తనలోకి తనే దూరిపోయిందట. దూరడం, మళ్ళీ బయటికి జారడం. ఏడాదిగా అదే వరస. లూపే నెట్టితే మాయమైంది అందుకే. దాన్ని లోపలికి లాగుతున్నది ఆ దూరిన మడత కొసన ఉన్న ఒక కంతి. చిన్నపేగుకు సరిగ్గా నడిమి భాగంలో ఉంది. కేన్సరని నిన్న తేలింది. పేగు దాటి పొట్ట పొరల మీదికి చల్లుకుంది. ఆలస్యమైందని డాక్టరు మెల్లగా చెప్పాడు. మెల్లగా చెప్పనక్కర్లేదన్నాను.

నేను రాయదలచింది ఇది కాదు.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా?" అని ఆయన అడిగాడు. కొన్ని కుటుంబాల్లో ఇది రక్తంలో వస్తుందట. ఇక్కడ నుంచి కింది వాక్యాలు అక్క రాసినవి కావు, సైన్సు టీచరు రాసినవని అనుకో. అలా అనుకోవడం కుదరకపోతే, అక్కే రాసిందనుకో. అయినా చదువు.

ఏడాదిగా నా మలం తారులా నల్లగా వచ్చేది. ఇనుము మాత్రలు మింగితే అలాగే వస్తుందని సియాకీ చెప్పాడు. అది నిజమే, ఆ నిజం వెనకే అసలు సంగతి దాక్కుంది. మాత్రలకు ముందు నుంచీ అది నలుపే. అది రక్తం. ఎక్కడో లోపల కారి, దారిలో నల్లబడి వచ్చిన రక్తం. అమ్మదీ అంతే. నిన్ను పెదనాన్న ఇంట్లో పడుకోబెట్టిన ఆ రోజుల్లో, అమ్మ చాపలను లూపే వాళ్ళమ్మా, నేనూ వాగులో ఉతికేవాళ్ళం. నాకు పద్నాలుగేళ్ళు. నీళ్ళు నల్లగా పారేవి. మగపిల్లల చెవిన పడకూడదని ఆ పెద్దావిడ నా చేత ఒట్టు వేయించుకుంది. చివరకు ఆ చాపలు కాల్చేశారు. తమ్ముడూ, అమ్మను ఏ దయ్యమూ కొట్టలేదు. నాకు ఉన్నదే అమ్మకూ ఉంది.

ఇప్పుడు నీ ఫొటో. అందరూ బట్ట ముడి చూసి నవ్వారు. నేను పిడికిలి చూశాను. బొడ్డుకు ఎడమపక్కన, నడుము కాస్త కుడివైపు ఒరిగి. గుడ్డ కప్పిన అద్దంలో ఉన్నదీ, చెట్టు కింద నిలబడినదీ నీ మీద కూడా చెయ్యి వేసింది. లోపలివైపు పొడిచిన బెల్టు బెజ్జం, సయించని తిండి, తేలిపోయే ఒళ్ళు, అన్నీ నువ్వే నాకు రాశావు. నేను వాటిని నీ మనసు ఖాతాలో వేశాను.

డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఇలా చెప్పు: మా అమ్మకు, మా అక్కకు చిన్నపేగులో కేన్సరు. నాకూ అవే గుర్తులు. రెండు గొట్టాలూ శుభ్రమని చెప్పి నన్ను పంపకండి. మధ్యలో చూడండి. ఆ బిళ్ళ మింగించండి. నీ మలం రంగేమిటో దాచకుండా చెప్పు. అరుదు అని ఆయన అంటే, మా ఇంట్లో అరుదు కాదు అను.

ఈ ఉత్తరంతో నేను ఒడంబడిక తెంపానని నీకు తోస్తే, కాళ్ళు నిలబడిన రోజున ఆక్లండ్ వచ్చి, క్షమాపణ అడిగే మన పద్ధతిలో తల మీద సన్నచాప కప్పుకుని, నీ ఇంటి ముందు గడ్డి మీద కూర్చుంటాను. నువ్వు వచ్చి చాప ఎత్తేదాకా లేవను. కానీ ముందు పరీక్ష. తర్వాతే చాప.

మోయెలాంగి


ఆక్లండ్, ఆసుపత్రి
15 డిసెంబరు 2013

అక్కయ్యకు,

మీ ఉత్తరం సగం చదివి మడిచేశాను. చెవులు కాలిపోయాయి. కారులో కూర్చుని, అద్దాలు ఎత్తుకుని, మిగతా సగం చదివాను.

నాదీ నలుపే. ఏడాది పైగా.

కిందటి వేసవిలోనే ఇక్కడి డాక్టరు రెండు గొట్టాలూ వేశాడు. శుభ్రమన్నాడు. మాత్రలు ఇచ్చాడు. ఇంట్లో ఎవరికైనా పేగుల జబ్బు ఉందా అని అడిగాడు. లేదన్నాను. దయ్యం కొట్టిందని ఇంగ్లీషులో ఎలా చెప్పను? తర్వాత మళ్ళీ రమ్మన్నాడు, వెళ్ళలేదు. మీరు శపించారనుకున్నాను. అక్క శాపానికి డాక్టరు ఏం చేస్తాడు? మీకు రాద్దామంటే, అక్కకు ఆ మాట ఎలా రాస్తాను? మనిద్దరం ఒకే సంగతిని సముద్రానికి చెరోవైపు కూర్చుని దాచాం.

మీరు రాసిచ్చిన మాటలు కాగితం చూడకుండా అప్పజెప్పాను, బళ్ళో పద్యంలాగ. డాక్టరు పెన్ను కింద పెట్టి, "ఈ మాట నాకు మొదటే తెలిసి ఉంటే..." అని ఆపేశాడు. బిళ్ళ మింగాను. దాని ఫొటోలు అందుకునే పెట్టెను నడుముకు కట్టుకుని రోజంతా తిరిగాను. మధ్యలో కనబడింది. చిక్కుడు గింజంత. ఇంకా ఎక్కడికీ చల్లుకోలేదు. పదకొండు రోజుల కింద కోసి తీసేశారు. "పెద్దయ్యా, మీరు చాలా త్వరగా వచ్చారు" అన్నాడు కోసినాయన. ఆ మాట విని గోడవైపు తిరిగి ఏడ్చాను. త్వరగా వచ్చింది నేను కాదు, మీ ఉత్తరం కదా.

మీరు మా గడ్డి మీద కూర్చోవద్దు. కుట్లు మానగానే నేనే వస్తాను. చాప నా తల మీద ఉంటుంది. మీరు ఎత్తకపోయినా పరవాలేదు, మీ ఇంటి ముందు కూర్చోవడమే నాకు కావాలి.

ఆలెసానా


సవాయీ
13 జనవరి 2014

తమ్ముడికి,

నీ ఉత్తరాన్ని గోరీ మీద కూర్చుని బిగ్గరగా చదివాను. ఎవరు విన్నా సరే అనుకున్నాను. లూపే విన్నది. వచ్చి నా పక్కన కూర్చుని, తన రెండు చేతులూ చాలాసేపు చూసుకుంది. "దొరికావా దొంగా అన్నాను టీచరమ్మా, దొరకబుచ్చుకున్నదాన్ని పట్టుకోక వదిలేశాను" అంది. నీ చేతికి దొరికింది, ఇంకెవరి చేతికీ దొరకలేదన్నాను. ఇప్పుడు పొట్ట తోమదు. అరికాళ్ళు తోమి పోతుంది.

ఆక్లండ్‌లో వైద్యం ఉందని నువ్వూ సియాకీ కూడబలుక్కుని నన్ను వేధిస్తున్నారు. లెక్క నాకు తెలుసు. డాక్టరును అడిగి తెలుసుకున్నాను. దానివల్ల వచ్చే నెలలను మీ చలిలో, దుప్పట్లు కప్పుకుని గడపడం నాకు ఇష్టం లేదు. ఇంట్లోనే ఉంటాను. సియాకీ రోజూ సాయంత్రం వచ్చి మందు ఇస్తున్నాడు. వాడిప్పుడు అడగకుండానే పొట్ట మీద చెయ్యి వేస్తాడు.

నీ కూతురికి కూడా ఈ సంగతి చెప్పించు. నువ్వు చెప్పలేకపోతే ఫువాతినో చెబుతుంది. అమ్మాయి తనకు పుట్టబోయే పిల్లలకు చెప్పుకుంటుంది. దయ్యం అన్న మాట ఇంక మన ఇంట్లో ఎవరూ వాడకూడదు.

అద్దం మీద గుడ్డ తీసేశాను. నొప్పి వచ్చినప్పుడు అమ్మ ఇప్పటికీ వస్తుంది. పిడికిలి గుచ్చుకుని, కుడికి ఒరిగి, నా ముఖంలోంచి నన్ను చూస్తుంది. నేను తన మీదా, తను నా మీదా జాలిపడం. ఇద్దరం నీ ఫొటో చూస్తాం. ఆ చెయ్యి అక్కడ నుంచి తీసేశామని తనకు చెబుతున్నాను. అర్థమవుతోందో లేదో తెలియదు. ఇంకా వస్తూనే ఉంది.

కుట్లు మానకముందే ప్రయాణం పెట్టుకోకు. నువ్వు వచ్చేసరికి నేను ఇంటి ముందు, అమ్మ పక్కన ఉంటే, చాప అక్కడే పరిచి కూర్చో. ఎత్తడానికి ఎవరూ రాకపోయినా లే. తడి గడ్డి మీద ఎక్కువసేపు కూర్చోకూడదు.

కిందటి ఉత్తరంలో కుశలం రాశావు గానీ ముఖ్యమైనది రాయలేదు. ఇప్పుడు నీ మలం ఏ రంగులో వస్తోంది? వెంటనే జవాబు రాయి.

అక్క
మోయెలాంగి